లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలు: గుర్తింపు, విలువ నిర్ధారణ

లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలు బ్రిటిషు సామ్రాజ్యపు సైన్యాలు 1895 నుండి ఇరవయ్యవ శతాబ్ది మధ్యకాలం వరకు ప్రధానంగా వాడిన పదాతి ఆయుధం. ఇది .303 అంగుళాల తూటాను పేలుస్తుంది. అందువలననే మన దేశంలో దీనిని "త్రీ నాట్ త్రీ" అని పిలుస్తారు. అన్ని రకాలు, అన్ని కర్మాగారాలు కలుపుకొని సుమారు 1.7 కోట్ల రైఫిళ్ళు తయారైనట్లు అంచనా. ఇంత పెద్ద సంఖ్యలో తయారైనందున బ్రిటన్, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా దేశాలలో పాత ఆయుధాల దుకాణాలలోను, వేలంపాటలలోను, మరణించిన పెద్దల సామానులోను ఇవి నేటికీ తరచుగా కనిపిస్తాయి.

తెలియనివారి కంటికి ఒకేలా కనిపించే రెండు లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళలో ఒకటి సామాన్యమైనది, రెండవది దానికి ఎన్నో రెట్లు విలువైనది కావచ్చును. ఒకటి నమ్మదగినది, మరొకటి పేల్చినవాని ప్రాణానికే ముప్పు తెచ్చేది కూడా కావచ్చును. ఈ తేడా చాలావరకు ఆ తుపాకి ఉక్కు మీద, చెక్క మీద వేసిన ముద్రలలోనే ఉంటుంది. కనుక తుపాకిని శుభ్రం చేయడానికి ముందే, అమ్మడానికి ముందే ఆ ముద్రలను చదవడం అవసరం.

చరిత్ర

ఈ రైఫిలులోని బోల్టును, తూటాల పెట్టెను (మ్యాగజైన్) రూపొందించినవాడు జేమ్స్ పారిస్ లీ (1831–1904). ఇతడు స్కాట్లండులో పుట్టి, కెనడాలో పెరిగి, అమెరికాలో స్థిరపడినాడు. 1888లో బ్రిటిషు సైన్యం స్వీకరించిన లీ-మెట్‌ఫోర్డ్ రైఫిలులో లీ యంత్రాంగానికి విలియం మెట్‌ఫోర్డ్ రూపొందించిన లోతు తక్కువ మర గాళ్ళు గల గొట్టాన్ని జతచేశారు. పొగరాని కార్డైటు మందు వేడికి ఆ గాళ్ళు త్వరగా అరిగిపోయినవి. అప్పుడు ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ కర్మాగారంలో ఐదు లోతైన గాళ్ళు గల గొట్టాన్ని సిద్ధం చేశారు. 1895లో ఆ రెండింటి కలయికకు లీ-ఎన్‌ఫీల్డ్ అనే పేరు వచ్చింది.

దక్షిణాఫ్రికాలో బోయర్లతో జరిగిన యుద్ధంలో (1899–1902) శత్రువుల మౌజర్ రైఫిళ్ళలో ఐదు తూటాలను ఒకేసారి నింపుకొనే సౌకర్యం బ్రిటిషువారిని ఆలోచింపజేసింది. దాని ఫలితంగా పదాతికి, ఆశ్వికులకు ఒకే పొడవులో, ఐదేసి తూటాల క్లిప్పులతో నింపగలిగే పొట్టి రైఫిలు తయారైనది. దీని పేరు షార్ట్ మ్యాగజైన్ లీ-ఎన్‌ఫీల్డ్. ఇక్కడ "షార్ట్" అన్నది తుపాకి పొడవుకు సంబంధించినది, మ్యాగజైనుకు కాదు. 1907లో వచ్చిన దీని మూడవ నమూనా (మార్క్ 3) మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు, భారతీయ, ఆస్ట్రేలియా సైనికుల చేతి ఆయుధమైనది. 1926లో పేర్ల పద్ధతి మార్చినప్పుడు దీనిని నంబర్ 1 రైఫిలు అన్నారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో తయారీకి మరింత అనువైన నంబర్ 4 రైఫిలు వచ్చింది.

మొదట చేయవలసిన పనులు

పాత తుపాకి చేతికి వచ్చినప్పుడు అందులో తూటా ఉన్నదనే భావించాలి. ఎన్నో ఏళ్ళుగా అటక మీద పడి ఉన్న తుపాకులలోనూ తూటాలు దొరికిన సందర్భాలు ఉన్నవి. గొట్టాన్ని మనుషుల వైపు తిప్పకుండా, వేలిని ట్రిగ్గర్ మీద పెట్టకుండా, మ్యాగజైను ఊడదీసి, బోల్టును పూర్తిగా వెనుకకు లాగి, తూటా గది ఖాళీగా ఉన్నదని కంటితో చూసి నిర్ధారించుకోవాలి. ఆయుధాల పరిచయం లేనివారు ఈ పని చేయరాదు. తెలిసినవారిని గాని పోలీసులను గాని పిలవడం మేలు.

తరువాత చూడవలసినది చట్టం. బ్రిటనులో పనిచేసే స్థితిలోని లీ-ఎన్‌ఫీల్డ్ ఉంచుకోవడానికి పోలీసులు ఇచ్చే ధ్రువపత్రం కావాలి. అమెరికాలో 1898లో గాని అంతకు ముందు గాని తయారైన తుపాకులను కేంద్ర చట్టం పురాతన వస్తువులుగా పరిగణిస్తుంది. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి. భారతదేశపు చట్టం గురించి ఈ వ్యాసంలో విడిగా వివరించడమైనది.

ప్రధాన రకాలు, వాటి ఆనవాళ్ళు

దూరం నుండి చూసినా గుర్తించడానికి మూడు విషయాలు చాలు: గొట్టం కొస, వెనుక గురి ఉన్న చోటు, మొత్తం పొడవు.

- పొడవాటి లీ-ఎన్‌ఫీల్డ్ (1895): గొట్టం చెక్కను దాటి ముందుకు బాగా పొడుచుకొని ఉంటుంది. తరువాతి రకాల కంటె పొడవైనది, వాటి కంటె అరుదైనది.
- నంబర్ 1 మార్క్ 3: గొట్టం కొస వరకు చెక్క, దాని చివర మొండిముక్కు వంటి ఉక్కు తొడుగు ఉంటాయి. వెనుక గురి గొట్టం మీద, మ్యాగజైనుకు ముందు ఉంటుంది. పొడవు సుమారు 113 సెం.మీ., గొట్టం సుమారు 64 సెం.మీ., బరువు దాదాపు 4 కిలోలు.
- మార్క్ 3 స్టార్: యుద్ధ అవసరాల కొరకు 1916లో ఆమోదించిన సులభ నమూనా. మ్యాగజైనుకు అడ్డుపడే కుడివైపు పలుచని పలక, ఎడమవైపు ఉండే దూరపు గురి పరికరం ఇందులో తొలగించారు. ముద్రలో మూడు గీతల పక్కన నక్షత్రం గుర్తు ఉంటుంది.
- నంబర్ 4: గొట్టం కొస ముక్కు తొడుగును దాటి కొద్దిగా బయటకు కనిపిస్తుంది. వెనుక గురి బోల్టుకు దగ్గరగా, కంటికి సమీపంలో ఉంటుంది. అది గాడి కాక రంధ్రం రూపంలో ఉంటుంది.
- నంబర్ 5: 1944లో వచ్చిన పొట్టి రకం. పొడవు దాదాపు 100 సెం.మీ. గొట్టం చివర గరాటు ఆకారపు మంట కప్పు, మడమకు రబ్బరు దిండు ఉంటాయి. దీనిని జంగిల్ కార్బైన్ అంటారు.
- నంబర్ 4 (టి): దూరదర్శినితో కూడిన గూఢ లక్ష్యవేధుల రైఫిలు. బాగా గురి కుదిరిన నంబర్ 4 రైఫిళ్ళను ఎంపికచేసి, ఎక్కువ భాగం లండనులోని హాలండ్ అండ్ హాలండ్ సంస్థ ద్వారా ఈ రూపంలోకి మార్పించారు.

ముద్రలు చదువు విధానం

నంబర్ 1 రైఫిలులో ముఖ్యమైన ముద్రలు బోల్టు పిడికి కింద, మడమ చెక్క ఇమిడే ఉక్కు పట్టీకి కుడివైపున ఉంటాయి. నంబర్ 4లో సాధారణంగా ఎడమవైపున ఉంటాయి. ఉదాహరణకు ఒక పట్టీ మీద పై నుండి కిందికి కిరీటం, "జి.ఆర్.", "బి.ఎస్.ఎ. కో", 1916, ఆపై మూడు గీతలు, నక్షత్రం కనిపించినవి అనుకొందాము. దాని అర్థం ఇది: జార్జి రాజు కాలంలో, బర్మింగ్‌హాం స్మాల్ ఆర్మ్స్ కంపెనీలో, 1916లో తయారైన మార్క్ 3 స్టార్ రైఫిలు.

రాజముద్రలు: "వి.ఆర్." అంటే విక్టోరియా రాణి (1901 జనవరి వరకు), "ఇ.ఆర్." అంటే ఏడవ ఎడ్వర్డు (1901–1910), "జి.ఆర్." అంటే ఐదవ జార్జి (1910–1936) లేక ఆరవ జార్జి (1936–1952).

కర్మాగారాలు: నంబర్ 1 రైఫిలును బ్రిటనులో ఎన్‌ఫీల్డ్, బి.ఎస్.ఎ., లండన్ స్మాల్ ఆర్మ్స్ సంస్థలు, ఆస్ట్రేలియాలో లిత్గో, భారతదేశంలో ఇషాపూర్ తయారుచేసినవి. నంబర్ 4 రైఫిలు బ్రిటనులోని ఫజాకర్లీ, మాల్ట్‌బీ, షిర్లీ, కెనడాలోని లాంగ్ బ్రాంచ్, అమెరికాలోని శావేజ్ కర్మాగారాలలో తయారైనది. బి.ఎస్.ఎ. వారి షిర్లీ కర్మాగారం యుద్ధకాలంలో తన పేరుకు బదులు "ఎం 47 సి" అనే సంకేతాన్ని వాడింది. శావేజ్ రైఫిళ్ళ మీద అమెరికా ప్రభుత్వ ఆస్తి అని ఆంగ్లంలో ఉంటుంది. అవి బ్రిటనుకు సహాయ ఒప్పందం కింద వెళ్ళినవే గాని అమెరికా సైన్యం వాడినవి కావు. ఆ ముద్రను చూపి అమెరికా సైనికుని తుపాకి అని అమ్మేవారి మాటను నమ్మరాదు.

యాజమాన్య గుర్తులు: బ్రిటిషు ప్రభుత్వ ఆస్తికి వెడల్పు బాణం గుర్తు వేసేవారు. భారతదేశంలో ఆ బాణం "ఐ" అక్షరంతోను, కెనడాలో "సి" అక్షరంలోను, ఆస్ట్రేలియాలో రెండు "డి"ల మధ్యను ఉంటుంది. రెండు బాణాలు మొనలు కలుపుకొని ఎదురెదురుగా ఉంటే ఆ తుపాకిని సైన్యం అధికారికంగా అమ్మివేసినదని అర్థం.

సంఖ్యలు: ప్రతి రైఫిలుకు ఒక వరుస సంఖ్య ఉంటుంది. నంబర్ 1లో అది తూటా గదిని కప్పే ఉక్కు వలయం మీద, గొట్టం మీద, బోల్టు పిడి వెనుక, గురి పలక అడుగున, ముక్కు తొడుగు మీద కనిపిస్తుంది. అన్నిచోట్ల ఒకే సంఖ్య ఉంటే ఆ తుపాకి భాగాలు మొదటి నుండి కలిసి ఉన్నవని చెప్పవచ్చును. గొట్టం మీద విడిగా సంవత్సరం కూడా ఉంటుంది. పట్టీ మీద 1916, గొట్టం మీద అంతకంటె తరువాతి సంవత్సరం ఉంటే గొట్టం మార్చబడినదని గ్రహించాలి.

మరమ్మతు, తొలగింపు గుర్తులు: "ఎఫ్.టి.ఆర్." అనే అక్షరాలు కర్మాగారంలో పూర్తిగా మరమ్మతు జరిగినదని తెలుపుతాయి. పక్కనే ఆ సంవత్సరం కూడా ఉండవచ్చును. "డి.పి." అనే అక్షరాలు అది కవాతుకు మాత్రమే పనికివచ్చేదని తెలుపుతాయి. అటువంటి తుపాకులకు కొన్నిసార్లు గొట్టంలో రంధ్రం చేసి ఉంటుంది. వీటిని ఎట్టి పరిస్థితిలోను పేల్చరాదు.

భారతదేశంలో తయారైన రైఫిళ్ళు

పశ్చిమ బెంగాలులోని ఇషాపూరులో 1787 నుండి తుపాకి మందు కర్మాగారం ఉండేది. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకంలో అక్కడ రైఫిళ్ళ కర్మాగారం ఏర్పడినది. స్వాతంత్ర్యానికి ముందు తయారైనవాటి మీద కిరీటంతో పాటు "జి.ఆర్.ఐ." అని, తరువాతి వాటి మీద అశోక స్తంభపు సింహాలు, "ఆర్.ఎఫ్.ఐ." అనే అక్షరాలు ఉంటాయి. ఇషాపూరు రైఫిళ్ళ ముందు చెక్కలో అడ్డంగా బిగించిన ఒక మర మేకు తరచుగా కనిపిస్తుంది. చెక్క పగలకుండా దీనిని వేసేవారు. కొన్నింటికి ముందు భాగమంతా రాగి లేక ఇనుప తీగ చుట్టి ఉంటుంది. అది చేతి బాంబులను విసరడానికి ఉపయోగించిన తుపాకి గుర్తు. దానిని పగిలిన కర్రకు కట్టిన కట్టుగా పొరబడరాదు.

1962లో చైనాతో యుద్ధం తరువాత ఇషాపూరులో ఇదే నమూనాను 7.62 మి.మీ. తూటాకు అనువుగా, మరింత దృఢమైన ఉక్కుతో తయారుచేశారు. వీటిని 2ఎ, 2ఎ1 అంటారు. మ్యాగజైను అంచులు నలుచదరంగా ఉండడం వీటి ఆనవాలు. 2ఎ1లో వెనుక గురి పలక మీద గరిష్ఠ దూరం 2000 నుండి 800కు తగ్గించబడినది. ఇవి .303 రైఫిళ్ళు కావు. ఒకదాని తూటా మరొకదానిలో వాడరాదు. పోలీసులు, జైలు కాపలాదారుల కోసం కొన్ని .303 రైఫిళ్ళ గొట్టాన్ని నున్నగా తొలిచి .410 మస్కెట్లుగా కూడా మార్చారు. విద్యార్థులు ఎన్.సి.సి. శిక్షణలో చూసే .22 రైఫిళ్ళలో ఈ వంశానికి చెందినవే అనేకం ఉండేవి.

మన రాష్ట్రాల పోలీసు దళాలలో ఈ ఆయుధం చాలాకాలం కొనసాగినది. 2008 నవంబరు 26న ముంబయి రైల్వే స్టేషనులో ఉగ్రవాదులను ఎదుర్కొన్న పోలీసులలో కొందరి చేతిలో ఉన్నది త్రీ నాట్ త్రీయే. ఆధునిక స్వయంచాలక తుపాకుల ముందు ఇది ఏ మాత్రం నిలవగలదనే ప్రశ్న అప్పుడు దేశమంతటా వినబడినది. ఉత్తర ప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతుతో దీనికి వీడ్కోలు పలికారు.

నకిలీలు, మార్పులు

పాకిస్తాను వాయవ్య ప్రాంతంలోని దర్రా ఆదంఖేల్ వంటి ఊళ్ళలో చేతిపనివారు తరతరాలుగా లీ-ఎన్‌ఫీల్డ్ నకళ్ళు తయారుచేస్తున్నారు. వీటిని ఖైబర్ కనుమ తుపాకులంటారు. ఆంగ్లం రానివారు ముద్రలను బొమ్మలవలె చూసి చెక్కినందున తప్పులు దొర్లుతాయి. "ఎన్‌ఫీల్డ్" అనే మాటలో ఆంగ్లపు ఎన్ అక్షరం తిరగబడి ఉండడం ప్రసిద్ధమైన గుర్తు. విక్టోరియా రాణి ముద్రతో 1901 తరువాతి సంవత్సరం ఉన్న రైఫిలును చూడగానే అనుమానించాలి. రాణి మరణించిన తరువాత ఆమె పేర ఏ ప్రభుత్వ కర్మాగారమూ తుపాకి తయారుచేయలేదు. వీటిలో వాడిన ఉక్కు నాణ్యత తెలియదు కనుక అలంకార వస్తువులుగా మాత్రమే ఉంచుకోవాలి.

రెండవ రకం మోసం ఖరీదైన రకాలకు సంబంధించినది. నంబర్ 4 రైఫిలు గొట్టాన్ని కోసి, గరాటు తగిలించి నంబర్ 5 అని అమ్మడం కద్దు. అసలైన నంబర్ 5లో బరువు తగ్గించడానికి గొట్టం మొదట్లోను, ఉక్కు చట్రంలోను లోహాన్ని తొలిచిన పల్లాలు ఉంటాయి. గొట్టాన్ని కోసినంతమాత్రాన ఇవి ఏర్పడవు. అసలైన నంబర్ 4 (టి)లో చట్రానికి ఎడమవైపు "టి" అక్షరం, మడమ చెక్క అడుగున హాలండ్ అండ్ హాలండ్ సంకేతమైన "ఎస్ 51", మడమ చెక్క మెడ మీద దూరదర్శిని సంఖ్య ఉంటాయి. ఆ సంఖ్య జతగా వచ్చిన దూరదర్శిని మీది సంఖ్యతో సరిపోతే విలువ బాగా పెరుగుతుంది.

మూడవది వేట కోసం చేసిన మార్పు. యుద్ధానంతరం చౌకగా దొరికిన ఈ రైఫిళ్ళ ముందు చెక్కను కోసి, గొట్టాన్ని పొట్టిచేసి వేటగాళ్ళు వాడుకున్నారు. అవి వేటకు పనికివచ్చినా సేకర్తల దృష్టిలో విలువ కోల్పోయినవి.

విలువను నిర్ణయించే అంశాలు

- రకము, అరుదుతనం: నంబర్ 4 (టి), 1920లలో పరీక్షార్థం తక్కువ సంఖ్యలో తయారైన నంబర్ 1 మార్క్ 5 వంటివి అగ్రస్థానంలో ఉంటాయి. యుద్ధకాలపు సాధారణ నంబర్ 4లు ఎక్కువగా దొరుకుతాయి.
- సంఖ్యల పొందిక: ముఖ్యంగా బోల్టు, చట్రం సంఖ్యలు ఒకటిగా ఉండాలి. సైన్యంలోనే పాత సంఖ్యను గీతతో కొట్టివేసి కొత్తది వేసిన సందర్భాలు ఉన్నవి. అది మరమ్మతు చరిత్రలో భాగం. అమ్మకందారు పాత సంఖ్యను అరగదీసి కొత్తది కొట్టడం మోసం.
- అసలు పూత, అసలు చెక్క: అరిగినదైనా అసలు పూత, కొత్తగా వేసిన మెరుగు కంటె విలువైనది.
- గొట్టం లోపలి స్థితి: పాత సైనిక తూటాల మందు అవశేషాలు తుప్పు పట్టిస్తాయి. గాళ్ళు స్పష్టంగా, మెరుస్తూ ఉంటే మంచిది.
- దిగుమతి ముద్ర: అమెరికాలో 1968 నాటి చట్టం తరువాత దిగుమతిదారు తన పేరును తుపాకి మీద ముద్రించవలసి వచ్చింది. ఆ ముద్ర లేనివాటికి సేకర్తలు ఎక్కువ ఇస్తారు.
- ఆధారాలు: సైనికుని ఉత్తరం, ఫోటో, దళం వివరాలు తోడుంటే విలువ పెరుగుతుంది. నోటి మాట చెల్లదు. తుపాకిని కొనాలి గాని కథను కొనరాదు.
- ఉపకరణాలు: నంబర్ 1కు 1907 నాటి పొడవాటి బాయ్‌నెట్, నంబర్ 4కు మేకు వంటి బాయ్‌నెట్, తోలు లేక గుడ్డ పట్టీ విడిగా కూడా ధర పలుకుతాయి.

1950లలో ఫజాకర్లీలో ఐర్లండు కోసం తయారై, గ్రీజు పూసి కాగితంలో చుట్టిన స్థితిలోనే మిగిలిపోయిన నంబర్ 4 మార్క్ 2 రైఫిళ్ళు కొన్ని తరువాత విపణికి వచ్చినవి. యుద్ధం చూడకపోయినా చెక్కుచెదరని స్థితి వలన వాటికి మంచి గిరాకీ ఉన్నది.

ధర తెలుసుకోవడానికి ప్రకటనలలో అడిగిన ధరను కాక, వేలంపాటలలో నిజంగా పలికిన ధరను చూడాలి. అదే రకం, అదే కర్మాగారం, అదే స్థితి గల తుపాకులతో పోల్చాలి. వారసులు అమ్మదలచినప్పుడు మొదట వచ్చిన కొనుగోలుదారునే మదింపు వేయమని అడగడం నష్టదాయకం. కొనే ఉద్దేశం లేని నిపుణుని చేత చూపించుకోవాలి.

పేల్చడానికి ముందు పరీక్ష

మూసిన బోల్టు ముఖానికి, తూటా అంచు ఆనే చోటుకు మధ్య ఉండవలసిన ఎడం బ్రిటిషు సైనిక కొలతల ప్రకారం 0.064 నుండి 0.074 అంగుళాల మధ్య ఉండాలి. అది ఎక్కువైతే తూటా గొట్టం చిట్లి వేడి వాయువులు వెనుకకు తన్నవచ్చును. నంబర్ 4లో బోల్టు తలలు 0, 1, 2, 3 అనే పరిమాణాలలో ఉంటాయి. వేరే తుపాకి బోల్టును తెచ్చి అమర్చినప్పుడు ఈ కొలత తప్పే ప్రమాదం ఎక్కువ. తుపాకుల మిస్త్రీ కొలబద్దతో పరీక్షించిన తరువాతనే పేల్చాలి.

శుభ్రపరచుటలో జాగ్రత్తలు

పాత రైఫిలు విలువ తగ్గడానికి కాలం కంటె యజమాని ఉత్సాహమే తరచుగా కారణమవుతుంది. చెక్కను గరుకు కాగితంతో రుద్దితే తనిఖీదారుల ముద్రలు, దళం గుర్తులు చెరిగిపోతాయి. ఉక్కును తళతళలాడేలా తోమితే అసలు పూత పోతుంది. పోయిన ముద్ర తిరిగి రాదు. మెత్తని గుడ్డ, తేలికైన తుపాకి నూనె, చెక్కకు కొద్దిగా అవిసె నూనె చాలును. పని మొదలుపెట్టే ముందు అన్ని ముద్రలను ఫోటో తీసి ఉంచుకోవాలి.

నంబర్ 1 రైఫిలును విప్పేటప్పుడు ముందు చెక్కను తీయకుండా మడమను తిప్పరాదు. మడమను బిగించే మర కొస ముందు చెక్కలోని పలకలో ఇమిడి ఉంటుంది. బలవంతంగా తిప్పితే ముందు చెక్క పగులుతుంది.

భారతదేశంలో చట్టం

ఆయుధ చట్టం (1959), దాని కింద వచ్చిన 2016 నాటి నియమాల ప్రకారం .303 లేక 7.62 మి.మీ. సైనిక తూటాలను పేల్చగల బోల్టు రైఫిళ్ళు, .410 మస్కెట్లు ప్రత్యేక నియంత్రణ గల శ్రేణిలో ఉన్నవి. ఇవి పంట కాపలాకు గాని ఆత్మరక్షణకు గాని జిల్లా స్థాయిలో ఇచ్చే మామూలు లైసెన్సుతో ఉంచుకోదగినవి కావు. లైసెన్సు లేకుండా కలిగి ఉండడం జైలుశిక్ష విధించదగిన నేరం. కనుక పాత ఇంటిలో గాని తాతల పెట్టెలో గాని అటువంటి తుపాకి దొరికితే దానిని కడగడం, విప్పడం, అమ్మజూపడం చేయక వెంటనే సమీప పోలీసు ఠాణాకు వ్రాతపూర్వకంగా తెలిపి, రసీదు పొందాలి. వాడుకకు ఏ మాత్రం పనికిరాని, పురావస్తు విలువ మాత్రమే గల ఆయుధాలకు చట్టంలో మినహాయింపు ఉన్నది. కాని ఒక తుపాకి ఆ కోవలోకి వస్తుందా లేదా అన్నది యజమాని తనకు తానుగా నిర్ణయించుకోదగిన విషయం కాదు.